చదువు రానివాని చేతి తాళంచెవి

ఏ ఉద్యోగానికైనా ఏం చదువుకున్నావని అడుగుతారు. మా ఎదురింటి గౌస్‌సాబును కూడా అడిగారు. "ఒక్క అక్షరం గూడా రాదు సామీ" అని అతను తలవంచుకొని చెప్పగానే, "అయితే నువ్వే కావాల" అన్నారట.

ఇది నలభై ఒకటో సంవత్సరం మాట. పెనుకొండలో అప్పుడున్న ఒక సర్కారు కచేరిలో అతణ్ణి రికార్డు రూముకు బంట్రోతుగా తీసుకున్నారు. ఆ రూములో ఎర్రగుడ్డల్లో కట్టిన కాగితాల కట్టలు నేల నుంచి కప్పు దాకా ఉండేవి. వాటిలో ఏ కాగితం కావాలన్నా అర్జీ పెట్టి, స్టాంపు అంటించి, నకలు తీసుకోవచ్చు. కానీ ఒక మూలన ఇనుప బీరువా ఉండేది. అందులోని కాగితాలకు నకళ్ళు ఇవ్వరు. అవి కాన్ఫిడెన్షియల్. ఆ బీరువా తాళంచెవి చదువు రానివాని దగ్గరే ఉండాలని ఎప్పటి శిరస్తాదారో ఒక ఆనవాయితీ పెట్టి పోయాడు. చదవగలిగిన గుమాస్తాలు బీరువా తెరవకూడదు. తెరిచేవాడికి చదవడం రాకూడదు. అదీ ఏర్పాటు.

ఈ సంగతి తెలిసినప్పటినుంచి ఆ బీరువాలో ఏముంటుందా అని నాకు ఒకటే ఆరాటం. నేను ఐదో తరగతి దాకా చదివాను. మా వీధిలో ఎవరికి ఉత్తరం వచ్చినా చదివి వినిపించేది నేనే, జవాబు రాసిపెట్టేది నేనే. ఏ ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియకుండా పోయేది కాదు. అట్లాంటిది, ఎదురింటి మనిషి నడుముకు రోజూ ఒక తాళంచెవి వేలాడుతూ ఉంటే ఊరుకోవడం ఎట్లా?

"ఏమప్పా గౌస్‌సాబూ, ఈ పొద్దు బీరువా తెరిచినారా?" అని అడిగేదాన్ని.

"తెరిచినాం అక్కా."

"ఏమి తీసినారు?"

"కట్ట."

"ఏం కట్ట?"

"రెండు ముళ్ళ కట్ట."

అతనికి అక్షరాలు రావు గదా. అందుకని తాలూకాకు ఒక లెక్కన కట్టలకు ముళ్ళు వేసుకున్నాడు. పెనుకొండకు ఒకటి, ధర్మవరానికి రెండు, హిందూపురానికి మూడు. ఏ సంవత్సరానిదో దారం రంగును బట్టి చెప్పేవాడు. గుమాస్తాలు రిజిస్టరు తిరగేసి నంబరు వెతికే లోపల గౌస్‌సాబు కట్ట తెచ్చి బల్లమీద పెట్టేవాడని ఆ కచేరీవాళ్ళే చెప్పుకునేవాళ్ళు. చెదలు పట్టకుండా కట్టల మధ్య వస కొమ్ములు పెట్టేవాడు. అతను వీధిలోకి వస్తే ఆ వాసన వచ్చేది.

భార్య పోయాక అతనికి మిగిలింది కూతురు జాహెదా ఒక్కతే. ఆ పిల్లను బడికి పంపమని పోరింది నేనే. ఐదు చదివింది, పెళ్ళయి హిందూపురం పోయింది. అల్లుడికి అక్కడ సైకిల్ షాపు. నెలకొక ఉత్తరం రాసేది. గౌస్‌సాబు దాన్ని తెచ్చి మా అరుగుమీద కూర్చునేవాడు, నేను చదివేదాన్ని. మధ్యలో వీధివాళ్ళు కూడా చేరేవాళ్ళు. జాహెదా అత్త ఏమన్నదో, ఆడబిడ్డ ఎందుకు అలిగిందో అందరం మాట్లాడుకునేవాళ్ళం. ఆ సంగతి ఎట్లాగో జాహెదా చెవిన పడింది.

యాభై ఏడులో రంజానుకు వచ్చినప్పుడు తండ్రితో ఏం చెప్పి పోయిందో ఏమో, తర్వాత వచ్చిన ఉత్తరంలో సగానికి ఒక గీత గీసి ఉంది. గౌస్‌సాబు గీత కింది భాగం మీద తువ్వాలు కప్పి, పైన బొటనవేలు గట్టిగా ఒత్తి నాకు చూపించాడు.

"అక్కా, గీత దాకానే చదువు."

"కింద ఏముండాదప్పా?"

"అది నాకు రాసింది."

"ఉత్తరమంతా నీకు రాసిందే గదా!"

"పైన ఉండేది నాకూ, వీధికీ. కింద ఉండేది నాకొక్కనికే. జాహెదా చెప్పిపోయింది."

"నీకు చదవను రాదు గదా?"

"వచ్చేదాకా దాచిపెట్టుకోమనింది."

నేను చదువుతూ చదువుతూ చూపు కిందికి జార్చాను. తువ్వాలు కూడా కిందికి జరిగింది. అతని కళ్ళు కాగితం మీద కాదు, నా కళ్ళమీద ఉన్నాయి. అట్లా పది ఉత్తరాలు వచ్చాయి. పదింటినీ గీత దగ్గర మడిచి ఒక రేకు డబ్బాలో పెట్టుకున్నాడు.

పదకొండో ఉత్తరం రాకముందే ఒక ఆదివారం మధ్యాహ్నం పెరటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అప్పటికి యాభై దాటిన మనిషి.

"అక్కా, నాకు అక్షరాలు నేర్పిస్తావా?"

"దానికేం, కూచో."

"యాడా అనొద్దు మల్ల. కచేరీలో తెలిసిందంటే తాళంచెవి పెరుక్కుంటారు. తాళంచెవి పోతే నన్ను రికార్డు రూములో పెట్టుకోరు. పదహారేండ్లుగా ఆడే ఉండా. ఇంగొక పని నాకు రాదు."

"ఎవురితోనూ అనను పోప్పా."

"నువ్వా?" అని నవ్వాడు.

నిజం చెప్పాలంటే నాకు రెండు ఆశలు. గీత కింద ఏముందో తెలుస్తుంది. ఆ తర్వాత బీరువాలో ఏముందో కూడా తెలుస్తుంది. అందుకని రుబ్బురోలు పక్కన పలకా బలపం పెట్టి శ్రద్ధగా నేర్పాను. వీధివాళ్ళు అడిగితే కందులు బాగుచేయిస్తున్నానని చెప్పేదాన్ని. అతను ముడి విప్పినట్టే ఒక్కొక్క అక్షరాన్నీ ఎక్కడ మొదలై ఎక్కడ తిరిగిందో వేలితో పట్టుకొని పోయేవాడు. గుణింతాలు వచ్చేసరికి చెమటలు కారాయి. ఎనిమిది నెలలు పట్టింది. యాభై ఎనిమిది చివరికి కూడబలుక్కొని కాదు, గడగడా చదివే స్థితికి వచ్చాడు.

ఒక ఆదివారం రేకు డబ్బా తెచ్చుకొని, మా ఇంటికి వీపు పెట్టి, వాళ్ళ గడపమీద కూర్చొని గీతల కింది భాగాలన్నీ చదువుకున్నాడు. నేను ఇటునుంచి రెండుసార్లు దగ్గాను. తిరిగి చూడలేదు. లేచేటప్పుడు కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏమంట అప్పా?" అన్నాను.

"బాగుందంట అక్కా."

ఎనిమిది నెలలు నేర్పినందుకు నాకు దక్కింది అంతే.

తర్వాతి ఏడు చలికాలం పోయే రోజుల్లో హనుమంతమ్మ వచ్చింది. ఆమె మా పుట్టినూరి కోడలు. బత్తలపల్లి పక్కన ఊరు. మొగుడు పోయాక సర్కారువారు రెండెకరాల బంజరు ఆమె పేర పట్టా ఇచ్చారు. రాళ్ళేరి, గట్టు వేసి, మూడేళ్ళుగా చెనక్కాయ పెట్టుకుంటోంది. ఆమెకు పెనుకొండ కచేరి నుంచి నోటీసు వచ్చింది. ధర్మవరంలో ప్యాసింజరెక్కి నేరుగా మా ఇంటికొచ్చింది.

"అత్తా, ఏందో చదివి చెప్పు. మా ఊరి కరణం చదివి 'నీ చేను పాయె' అన్యాడు."

చదివాను. మీ మీద సమాచారం అందింది, మీ పట్టా ఎందుకు రద్దు చేయకూడదో పదిహేను రోజుల్లో సంజాయిషీ చెప్పుకోండి అని ఉంది. ఏం సమాచారమో, ఎవరిచ్చారో ఒక్క ముక్క లేదు.

"నేనేం చేసినానని అత్తా?"

"అదే నాకూ తెలీలా."

నకలు కోసం నేనే అర్జీ రాసిచ్చాను. స్టాంపు అంటించి ఇచ్చొచ్చింది. ఎనిమిదో రోజుకు జవాబు వచ్చింది. కోరిన అర్జీ కాన్ఫిడెన్షియల్ గనుక నకలు ఇచ్చేందుకు వీలులేదు. ఇక మిగిలింది వారం.

ఇద్దరం అరుగుమీద కూర్చొని ఏమై ఉంటుందా అని ఊహించాం. బీదవాళ్ళకిచ్చే పట్టా కాబట్టి, ఈమెకు వేరే భూమి ఉందని ఎవరో రాసి ఉంటారని తేల్చాం. అంతే, హనుమంతమ్మ ఊరికి పరుగెత్తింది. మామ పేర సెంటు భూమి లేదని కరణంతో రాయించుకొచ్చింది, మొగుడి వాటా ఏమీ రాలేదని బావతో వేలిముద్ర వేయించుకొచ్చింది. రవికెలోంచి ఒక్కొక్క కాగితం తీసి అరుగుమీద పరిచి, ఎగిరిపోకుండా చెప్పులు బరువు పెట్టింది.

అప్పుడే కచేరి నుంచి వస్తున్న గౌస్‌సాబు ఆ కాగితాల ముందు ఆగాడు. ఒక్కొక్కటీ చూశాడు. గబగబా ఇంట్లోకి పోయి తలుపేసుకున్నాడు. ఆ ఆగడం నేను చూశాను. నన్ను మీరు ఎరగరు. నేను వెనకాలే పోయి తలుపు తట్టాను.

"నువ్వు ఆ కాగితం చూసినావు."

"ఏ కాగితమక్కా?"

"హనుమంతమ్మ మీద పెట్టిన అర్జీ. నీ మొగమే చెప్తాంది. ఏముండాది అందులో?"

"నాకు చదువు రాదక్కా."

"నేర్పింది నేనప్పా!"

"మీ పెరట్లో వచ్చు. కచేరీలో నాకు రాదు."

"ఆ యమ్మ చేను పోతాండాది. ఒక్క మాట చెప్పు. పేరొద్దు."

"పేరొద్దని ఇప్పుడంటావు. మాట తెలిసినంక పేరడుగుతావు." ఆ మాటకు నాకు కోపం వచ్చింది గానీ కాదనలేకపోయాను. "అక్కా, ఆ బీరువాలో ఉండేది నాది కాదు. నాది కాని దాన్ని నీకెట్ల ఇచ్చేది?"

మూడు రోజులు వెంటపడ్డాను. పొద్దున బావి దగ్గర, సాయంత్రం వీధి మొగదల. బతిమాలాను, తిట్టాను, జొన్నరొట్టె, వంకాయ కూర పంపాను. కూర తిని గిన్నె కడిగి పంపాడు. నోరు విప్పలేదు. ఇంకో రెండు రోజుల్లో గడువు ముగుస్తుంది.

నాలుగో రోజు పొద్దున అతను నేరుగా ఆఫీసరు గదికే పోయాడు. లోపల జరిగింది నాకు చెప్పినవాడు ఆ గది వాకిట్లో నిలబడే బంట్రోతు బాలప్ప. కాఫీ, బొరుగులు రెండు దఫాలు పెట్టాక గానీ పూర్తిగా చెప్పలేదు.

ఆఫీసరు కొత్తగా వచ్చిన కోస్తా అబ్బాయి. పక్కన శిరస్తాదారు ఆదినారాయణ కూర్చొని సంతకాలు చేయిస్తున్నాడు. గౌస్‌సాబు లోపలికి పోయి తలపాగా తీసి పట్టుకొని నిలబడ్డాడు.

"సార్, నాకు చదువొచ్చింది."

"మంచిదే కదా" అన్నాడు ఆఫీసరు.

శిరస్తాదారు కలం కింద పెట్టేశాడు. ఆనవాయితీ ఏమిటో ఆఫీసరుకు చెప్పాడు. ఆఫీసరు ముఖం కూడా మారింది.

"ఎప్పుడు నేర్చుకున్నావు?"

"ఎనిమిది నెలలు నేర్చుకుంటి. వచ్చి మూడు నెల్లాయ సార్. నా కూతురి ఉత్తరాలు చదువుకునేదానికి."

"బీరువాలో ఏమేం చదివావు?"

"ఏమీ చదవలే సార్. కట్ట తీసేటప్పుడు పక్కకు చూస్తా తీస్తాంటి. పోయిన వారం కట్టలోంచి ఒక కాగితం కింద పడింది. హనుమంతమ్మ అనే పేరు కనపడింది. ఆ యమ్మ మా ఎదురింట్లోనే కూచోనుంటే, కండ్లు ఆగలేదు. కడదాకా చదివేసినాయి."

"ఎవరికి చెప్పావు?"

"ఎవురికీ లేదు సార్. మా ఎదురింటక్క మూడు దినాల్నుంచి నా పానం తోడేస్తాంది. ఆ యమ్మకే చెప్పలేదంటే ఇంగ ఎవురికి చెప్తా?"

ఈ మాట దగ్గర బాలప్ప నన్ను చూసి నవ్వాడు. నేను బొరుగుల గిన్నె వెనక్కి లాక్కున్నాను.

"మరి ఇప్పుడు మాకెందుకు చెబుతున్నావు?" అని అడిగాడట ఆఫీసరు.

"ఆ యమ్మ వేరే భూమి లేదని రుజువులు తెస్తాండాది సార్. కాగితంలో ఉండేది ఆ మాట కాదు. దేనికి జవాబియ్యాల్నో తెలీక ఊర్లు తిరుగుతాండాది. నేను చదవకుండా ఉంటే నాకీ బాధ లేదు. చదివి నోరు మూసుకుంటే ఆ యమ్మ చేను పోతాది. బయట నోరు తెరిస్తే నాకు తాళంచెవి ఇచ్చినోళ్ళకు ద్రోహం చేసినట్ల. అందుకే మీతోనే చెప్తాండా. పేరు చెప్పొద్దండి. ఏమన్నారో అది చెప్పండి చాలు."

శిరస్తాదారు ఒప్పుకోలేదు. "సార్, అర్జీ పెట్టినవాళ్ళ పేరు దాస్తామని మనం మాటిచ్చాం. ఆ అర్జీ బయటికి పోతే రేపు ఈ తాలూకాలో ఒక్కడూ మనకు సమాచారం ఇవ్వడు. ఊళ్ళలో చేతిరాత చూసి కూడా మనిషిని పట్టేస్తారు."

ఆఫీసరు ఆ మాట పూర్తిగా విని శిరస్తాదారు వైపు తిరిగాడట. తర్వాత అన్నాడట: "అర్జీ ఇవ్వొద్దు. పేరు, రాత, ఆ ఊరివాడా కాదా అనేది కూడా బయటికి రావొద్దు. కానీ తప్పేమిటో చెప్పకుండా సంజాయిషీ ఏమని ఇస్తుంది ఆమె? అర్జీలో ఉన్న అభియోగం వరకు మన మాటల్లో రాసి పంపండి. గడువు ఇంకో పదిహేను రోజులు పెంచండి."

శిరస్తాదారు సరేనని రాసుకున్నాడు. రాసుకొని, గౌస్‌సాబు వైపు చెయ్యి చాపాడు.

గౌస్‌సాబు నడుము దగ్గర ముడి విప్పడానికి చాలాసేపు పట్టిందట. వేలకు వేల ముళ్ళు వేసి విప్పిన మనిషికి ఆ ముడి రాలేదట. తాళంచెవి బల్లమీద పెట్టి, తలపాగా చుట్టుకొని, అతను బయటికి వచ్చేశాడు.

రెండు రోజులకు హనుమంతమ్మ చేతికి కాగితం వచ్చింది. నేనే చదివాను. "మీరు ఊరు విడిచి ధర్మవరంలో కాపురముంటున్నారనియు, భూమిని ఇతరులకు అమ్ముకున్నారనియు..." చదవడం పూర్తికాకముందే హనుమంతమ్మ లేచి నిలబడింది.

"దీనికా? పోయినేడు ఎండాకాలం చేలో పని లేకుంటే మూణ్ణెల్లు ధర్మవరంలో పట్టు మగ్గాల కాడ కండెలు చుడ్తి! వానపడంగానే వచ్చేస్తి గదత్తా! ఈ ముక్క ముందే చెప్పుంటే మా బావ కాళ్ళు ఎందుకు పట్టుకుందును?"

మగ్గాల యజమాని రాసిచ్చాడు. చేను పక్కవాళ్ళు నలుగురు వేలిముద్రలు వేశారు. కచేరి నుంచి మనిషి వచ్చి చేలో ఈమె పోగేసిన చెనక్కాయ కట్టెను, పనిచేసి కాయలు కాసిన ఈమె చేతులను కూడా చూసి పోయాడు. పట్టా నిలిచింది. తాళంచెవి సంగతి నేను చెబితే హనుమంతమ్మ గౌస్‌సాబు గడప దగ్గర కూర్చొని ఏడ్చింది. అతను "ఏందమ్మా ఇది, లెయ్యి, వీధి చూస్తాంది" అని సిగ్గుపడిపోయాడు.

తాళంచెవి ఉలిగప్ప అనే మరో బంట్రోతుకు పోయింది. నిజంగా చదువు రాదా అని పేపరు తలకిందులుగా చేతికిచ్చి పరీక్ష చేశారట. అతను అట్లాగే పట్టుకొని బొమ్మలు బాగున్నాయన్నాడట. గౌస్‌సాబును మాత్రం వెళ్ళగొట్టలేదు. ఆఫీసరు మాటమీద నకళ్ళ సెక్షన్లో కిటికీ దగ్గర వేశారు. రికార్డు రూములోకి మళ్ళీ అడుగుపెట్టకూడదని మాత్రం హుకుం.

ఆ రెండు నెలలు అతను మనిషిగా లేడు. అన్నం కలిపి వదిలేసేవాడు.

"ఉలిగప్ప ముళ్ళు తప్పు వేస్తాండాడక్కా. హిందూపురం కట్టకు రెండు వేసినాడంట. వస కొమ్ములు మార్చలేదంట. చెదలు పడ్తాయి."

"పడనీప్పా. నీకేంటికి?"

"నాకేంటికా!" అని నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఆ మాట అని ఉండకూడదు నేను.

మెల్లగా కిటికీ దగ్గర అలవాటు పడ్డాడు. నకలు కావాలని ఊళ్ళనుంచి వచ్చేవాళ్ళకు ఏం అడగాలో తెలియదు. కచేరివాళ్ళు పెద్ద ఆఫీసరుకు లోపల్లోపల రాసుకున్న రిపోర్టుకు నకలు కావాలంటారు. స్టాంపు పోతుంది, లేదని జవాబు వస్తుంది. గౌస్‌సాబు ముందే అర్జీ చదివి ఆపేవాడు. "ఏమబ్బా తాడిమర్రోడా, ఈ రిపోర్టుకు నకలు రాదు. అడంగలుకు అడుగు. యా సంవత్సరం యా పైరు పెట్టినావో అందులో ఉంటాది. నీకు కావాల్సింది అదే గదా?" అనేవాడు. తనకల్లు నుంచి కూడా అతని పేరు అడుక్కుంటూ వచ్చేవాళ్ళు. అరవై ఆరులో రిటైరయ్యేదాకా ఆ కిటికీ దగ్గరే ఉన్నాడు.

హనుమంతమ్మ మీద అర్జీ పెట్టింది ఎవరో మాత్రం నాకు తెలియలేదు. బావ అని ఒకసారి, కరణం అని ఒకసారి, మగ్గాల కాడ గొడవపడిన ఆడమనిషి అని ఒకసారి అనుకున్నాను. అరవై రెండులో ఒకరోజు ఉండబట్టలేక, శుభ్రంగా ఒక అర్జీ రాసి, స్టాంపు అంటించి, తలమీద కొంగు కప్పుకొని, కచేరి కిటికీ దగ్గర వరుసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. గౌస్‌సాబు అర్జీ తీసుకొని మొదటినుంచి చివరిదాకా, నేను నేర్పినట్టే, పెదవులు కదలకుండా చదివాడు.

"దీనికి నకలు రాదక్కా. స్టాంపు పీక్కొని పో, ఇంగొకదానికి పనికొస్తాది."

"మూడేండ్లాయ గదప్పా! ఇంగా ఏం గుప్తం?"

"ఆ కాగితమే లేదు. దాచిపెట్టే గడువైపోయిందని పోయిన నెల చించేసినారు."

"కాగితం పోతే పోనీ. నీ తలకాయలో ఉండాది గదా?"

"ఉండాది."

"మరి?"

"దానికి నకళ్ళ సెక్షన్ లేదక్కా" అని, నా వెనక నిలబడ్డ మడకశిర మనిషి అర్జీకి చెయ్యి చాపాడు.